ఒక్క యూజర్‌కి నెట్ కట్ చేస్తే లాగిన్ ఎందుకు నత్తనడక నడుస్తుంది?

ఇంట్లో ఒకటే కంప్యూటర్, అందులో లినక్స్, రెండు ఖాతాలు. ఒకటి పెద్దవాళ్లది, రెండోది పదో తరగతి చదివే పిల్లవాడిది. పరీక్షల నెలలో పిల్లవాడి ఖాతాకి ఇంటర్నెట్ ఆపేద్దామని ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ రాస్తారు: యూజర్ నంబరు 1001 నుంచి బయటికి పోయే ప్యాకెట్లన్నీ (నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు) డ్రాప్, అంటే చెప్పాపెట్టకుండా పారేయడం. నెట్ ఆగుతుంది, అనుకున్న పని అయిపోతుంది. మర్నాడు పొద్దున్నుంచి ఇంకో బాధ మొదలవుతుంది. పాస్‌వర్డ్ కొట్టిన పది సెకన్లకి వచ్చే డెస్క్‌టాప్ రెండు నిమిషాలు దాటినా రాదు. నల్లటి తెర, దాని మీద ఒక మౌస్ బాణం, అంతే. పెద్దవాళ్ల ఖాతాలో మాత్రం ఎప్పటిలాగే చకచకా తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబుల్లో పరీక్షల కోసం ప్రత్యేకంగా తెరిచిన ఖాతాల్లోనూ సరిగ్గా ఇదే తంతు. అక్కడ ముప్ఫై మంది ఒకేసారి కూర్చుని తెర వంక చూస్తుంటారు.

వెంటనే తోచే జవాబు ఒకటుంది: నెట్ లేదు కాబట్టి ఏవో ప్రోగ్రాములు దాని కోసం ఎదురుచూస్తున్నాయి. ఇది సగమే నిజం. ఫైర్‌వాల్ రూల్ తీసేసి, నెట్ కేబుల్ పీకేసి, అదే ఖాతాలో లాగిన్ అయి చూడండి. డెస్క్‌టాప్ మామూలు వేగంతోనే వస్తుంది. రెండు సందర్భాల్లోనూ నెట్ లేదు. ఒకచోట ఆలస్యం ఉంది, ఇంకోచోట లేదు. కాబట్టి నెట్ లేకపోవడం దోషం కాదు. లేదన్న సంగతి ప్రోగ్రాములకి తెలియకపోవడమే దోషం.

కేబుల్ పీకినప్పుడు బయటికి వెళ్లే దారే కర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) దగ్గర ఉండదు. ఏ ప్రోగ్రామైనా కనెక్షన్ అడిగితే "నెట్‌వర్క్ అందుబాటులో లేదు" అని అక్కడికక్కడే తిప్పి పంపుతుంది. ప్రోగ్రామ్ తన పని తాను చూసుకుంటుంది. డ్రాప్ రూల్ ఉన్నప్పుడు దారి ఉంటుంది, నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది, ప్యాకెట్ బయల్దేరుతుంది, గుమ్మం దగ్గర ఎవరో దాన్ని చింపి పారేస్తారు. పంపినవాడికి కబురు అందదు. ఆఫీసులో "మీ పని కాదు" అని మొహం మీద చెబితే మనిషి ఇంటికి వెళ్లిపోతాడు. ఏమీ చెప్పకపోతే సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటాడు. ఇక్కడ జరిగేది అదే.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. యూడీపీ (కనెక్షన్ కలుపుకోకుండా నేరుగా పంపే పద్ధతి) ప్యాకెట్‌ను సొంత మెషిన్‌లోని ఫైర్‌వాల్ పారేస్తే, పంపే క్షణంలోనే "అనుమతి లేదు" అన్న ఎర్రర్ ప్రోగ్రామ్‌కి అందుతుంది. ముందు కనెక్షన్ కలుపుకుని మాట్లాడే టీసీపీ సంగతి వేరు. అది కనెక్షన్ అడుగుతూ మొదట పంపే సిన్ ప్యాకెట్ ఇలా పోతే, ఆ ఎర్రర్‌ను లెక్కచెయ్యదు. దారిలో ఎక్కడో పోయిందేమో అనుకుని మళ్లీ పంపుతుంది. ఒక సెకను ఆగి ఒకటి, రెండు సెకన్లు ఆగి ఇంకోటి, తర్వాత 4, 8, 16, 32. మొత్తం ఆరు సార్లు మళ్లీ పంపి, చివరగా 64 సెకన్లు చూసి, అప్పుడు చేతులెత్తేస్తుంది. కూడితే 127 సెకన్లు. ఈమధ్య కర్నెళ్లలో మొదటి కొన్ని ప్రయత్నాలు ఒక్కో సెకను తేడాతో జరుగుతాయి కాబట్టి అది 131 అవుతుంది. ఇదంతా ఒక్క చిరునామాకే. సర్వర్ పేరు అడిగితే నాలుగు ఐపీ చిరునామాలు వచ్చాయనుకుందాం. ప్రోగ్రామ్ తనకంటూ గడువు పెట్టుకోకుండా వాటిని వరసగా ప్రయత్నించేదైతే ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది.

ఇప్పుడు అసలైన చిక్కు. 1001 నంబరు యూజర్‌కి నెట్ లేదన్నది ఆ ఫైర్‌వాల్ రూల్‌కి తప్ప మెషిన్‌లో ఎవరికీ తెలియదు. నెట్ కనెక్షన్‌ని చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా, నడుస్తుంది. దానికి అడ్డు లేదు కాబట్టి "నెట్ బ్రహ్మాండంగా ఉంది" అని అడిగినవాళ్లందరికీ చెబుతుంది. మూలన వైఫై గుర్తు నిండుగా వెలుగుతుంటుంది. పేర్లను చిరునామాలుగా మార్చే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ఇంకో సిస్టమ్ యూజర్ పేరు మీద నడుస్తుంది, దానికీ అడ్డు లేదు. అందువల్ల పిల్లవాడి ఖాతాలోని ప్రోగ్రామ్ పేరు అడిగితే చిరునామా చక్కగా దొరుకుతుంది. నెట్ ఉంది, చిరునామా ఉంది, ఇంకేం కావాలి? ధైర్యంగా కనెక్షన్ మొదలుపెట్టి 127 సెకన్ల గుంటలో పడుతుంది.

ఒకే రూల్ ఒక డిస్ట్రోలో (లినక్స్ రకంలో) నరకం చూపించి ఇంకోదానిలో ఏ ఇబ్బందీ పెట్టకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. డెబియన్‌లో సాధారణంగా ప్రోగ్రామ్ తానే నేరుగా రౌటర్‌ని యూడీపీ మీద పేరు అడుగుతుంది. అది వెంటనే విఫలమవుతుంది, చిరునామాయే లేదు కాబట్టి టీసీపీ దాకా కథ పోదు, లాగిన్ వేగంగానే ఉంటుంది. ఫెడోరాలో పేర్ల విచారణ యూనిక్స్ సాకెట్ (ఒకే మెషిన్‌లోని ప్రోగ్రాముల మధ్య దారి) ద్వారా రిజాల్వ్‌డ్‌కి చేరుతుంది. యూనిక్స్ సాకెట్లు ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ కంట పడవు. కాబట్టి పేరు దొరుకుతుంది, ఆలస్యం మొదలవుతుంది. ఉబుంటులో పేరు అడిగేది 127.0.0.53 అన్న లోపలి చిరునామాని. లూప్‌బ్యాక్ (మెషిన్ తనతో తాను మాట్లాడుకునే దారి) కూడా మూసుకుపోయి ఉంటే పేరు దొరకదు, తెరిచి ఉంటే దొరుకుతుంది. లూప్‌బ్యాక్ తెరవమని సలహా విని తెరిచాక బయటి కనెక్షన్ల ఆలస్యం కొత్తగా పుట్టుకొచ్చిందని కొందరు తలపట్టుకునేది ఇందుకే. ఆ సలహా సరైనదే, సగం వైద్యం మాత్రమే.

గడియారం చెప్పే కబుర్లు

ఏ రూల్ మీదా చెయ్యి వెయ్యక ముందు, ఎంతసేపు ఆగుతోందో సెకన్లలో కొలవాలి. లినక్స్‌లో ఒక్కో పొరకి ఒక్కో గడువు ఉంది. ఆలస్యం 127 లేదా 131 దగ్గర తేలితే అది జవాబు రాని టీసీపీ. 25 సెకన్లయితే డీ-బస్: ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వీసుని పని అడిగి, జవాబు రాక వదులుకునే మామూలు గడువు అది. 90 అయితే సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఒక యూనిట్ (సర్వీసు లాంటిది) మొదలవడం కోసం చూసి విసిగిపోయింది. అయిదు లేదా పది సెకన్లయితే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ మీద అనుమానపడాలి. ప్రోగ్రాములు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ ఒక సర్వర్‌ని అయిదు సెకన్ల చొప్పున రెండుసార్లు అడుగుతుంది. అడ్డు మన మెషిన్‌లో కాకుండా రౌటర్‌లో ఉన్నప్పుడే ఈ అయిదూ పదీ ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ పారేస్తే యూడీపీకి కూడా కబురు అందదు.

25 దగ్గర కాస్త జాగ్రత్త. డెస్క్‌టాప్ పోర్టల్ సర్వీసు సరిగా లేవకపోయినా జీటీకే (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) వాడే ప్రోగ్రాములు ఇంతేసేపు ఆగుతాయి, దానికీ నెట్‌కీ సంబంధం లేదు. ఫైర్‌వాల్‌ని అనుమానించే ముందు రూల్ తీసి ఒకసారి, రూల్ ఉంచి ఒకసారి, కేబుల్ పీకి ఒకసారి లాగిన్ అవ్వాలి. మూడింటిలోనూ ఆలస్యం ఉంటే ఫైర్‌వాల్ నిర్దోషి.

ఈ పరీక్షలో చాలామంది ఒకచోట పొరబడతారు. లాగౌట్ అయిన వెంటనే యూజర్ సర్వీసులన్నీ చచ్చిపోవు. సిస్టమ్‌డీ-లాగిన్‌డీ మామూలుగా పది సెకన్లు ఆగి ఆ యూజర్ మేనేజర్‌ని ఆపుతుంది. ఈలోపే మళ్లీ లాగిన్ అయితే పాత సర్వీసులే కొనసాగుతాయి, లాగిన్ వేగంగా జరిగినట్టు కనిపిస్తుంది, తీసిన లెక్క పనికిరాదు. లాగౌట్ అయ్యాక అర నిమిషం ఆగి అప్పుడు ప్రయత్నించాలి.

ఆగిపోయినవాణ్ని పట్టుకోవడం

లాగ్‌లు చదవడం కంటే ముందు, ఆలస్యం జరుగుతున్న క్షణంలోనే దొంగని పట్టుకునే ఉపాయం ఒకటుంది. లాగిన్ కొట్టి నల్లతెర రాగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లాలి. అడ్మిన్ ఖాతాతో లోపలికి వెళ్లి, రూట్ హక్కులతో ఎస్ఎస్ కమాండ్‌ని టీ, పీ, ఎన్ ఆప్షన్లతో, స్టేట్ సిన్-సెంట్ అని చేర్చి నడపాలి. సిన్ పంపి జవాబు కోసం కాచుకున్న టీసీపీ కనెక్షన్లు మాత్రమే కనిపిస్తాయి. మామూలు మెషిన్‌లో ఈ జాబితా ఎప్పుడూ దాదాపు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే ఆ స్థితి మిల్లీసెకన్లకి మించి నిలవదు. ఇక్కడ మాత్రం రెండు మూడు వరసలు కదలకుండా కూర్చుని ఉంటాయి. ఎడమవైపు ఇంటి చిరునామా, కుడివైపు బయటి చిరునామా, పక్కన పోర్టు 443, చివర ప్రాసెస్ పేరు, దాని నంబరు. ఆ చివరి పేరే ముద్దాయి.

చాలాసార్లు అక్కడ కనిపించేది పెద్ద డెస్క్‌టాప్ భాగం కాదు, మనమే పెట్టుకుని మరిచిపోయిన చిన్న వస్తువు. యూజర్ హోమ్‌లోని ప్రొఫైల్ ఫైల్లో ఎప్పుడో రాసుకున్న, నెట్ నుంచి ఏదైనా తెచ్చే కర్ల్ కమాండ్ దీనికి మంచి ఉదాహరణ. ఉబుంటు, డెబియన్లలో గ్రాఫికల్ లాగిన్ కూడా ఆ ఫైల్‌ని చదివి, అందులోని కమాండ్లు ముగిశాకే డెస్క్‌టాప్‌ని మొదలుపెడుతుంది. ఆ ఒక్క కర్ల్ రెండు నిమిషాలు ఆగితే డెస్క్‌టాప్ మొత్తం దాని వెనక క్యూలో నిలబడుతుంది. క్లౌడ్ సింక్ ప్రోగ్రాములు, వాతావరణం చూపే ప్యానెల్ ఆప్లెట్లు, అప్‌డేట్లు వెతికే సర్వీసులు కూడా జాబితాలో కనబడవచ్చు. కానీ ఇవన్నీ దారి ఆపవు. వెనకాల తమ మానాన తాము కాచుకునేవే ఎక్కువ. డెస్క్‌టాప్ వచ్చేసి, తర్వాత ఒక ఆప్లెట్ మాత్రం ఆలస్యంగా నిండితే అది వేరే సంగతి, దానికి అంత బెంగ అక్కర్లేదు.

జాబితా ఖాళీగా ఉండి కూడా లాగిన్ ఆగుతుంటే అప్పుడు జర్నల్ (సిస్టమ్ లాగ్) తెరవాలి. జర్నల్‌సీటీఎల్‌ని ఆ యూఐడీకి (యూజర్ నంబరుకి) పరిమితం చేసి, సమయాన్ని బూట్ నుంచి లెక్కించే మోనోటానిక్ రూపంలో చూస్తే, వరసల మధ్య పెద్ద ఖాళీ ఎక్కడుందో కంటికి కనబడుతుంది. 41వ సెకనులో ఒక వరస, తర్వాతిది 66లో ఉంటే, ఆ పైవరసలో పేరున్న సర్వీసు చుట్టూ వెతకాలి. సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్‌ని యూజర్ ఆప్షన్‌తో నడిపితే ఏ యూజర్ సర్వీసు ఎంతసేపు తీసుకుందో పెద్దది ముందు, చిన్నది వెనక వస్తుంది.

లూప్‌బ్యాక్, మెషిన్ పేరు

యూజర్ నంబరు చూసి పారేసే రూల్‌కి ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియదు. అది ప్యాకెట్లన్నిటినీ ఒకే గాటన కడుతుంది. 127.0.0.1కి, అంటే మెషిన్ తనతో తాను మాట్లాడుకునే మాటలకి కూడా అడ్డు పడుతుంది. ఎక్స్ సర్వర్, డీ-బస్, పైప్‌వైర్ యూనిక్స్ సాకెట్ల మీద నడుస్తాయి కాబట్టి బతికిపోతాయి. లోకల్‌హోస్ట్‌కి టీసీపీ మీద వెళ్లేవి బలైపోతాయి: లోకల్ ప్రాక్సీ, లోకల్ డేటాబేస్, సెట్టింగుల్లో లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటే ప్రింటర్ సర్వీసు కప్స్ కూడా.

ఈ పొరపాటుకి ఉబుంటు వాడే ఫైర్‌వాల్ సాధనం యూఎఫ్‌డబ్ల్యూ పరోక్షంగా దారి తీస్తుంది. అది తన గొలుసుల్లో (రూళ్ల వరసల్లో) లూప్‌బ్యాక్‌ని ముందే అనుమతించి ఉంచుతుంది, ఆ జాగ్రత్త మంచిదే. కానీ బయటికి వెళ్లే కొత్త కనెక్షన్లని కూడా అదే అనుమతిస్తుంది కాబట్టి, మన రూల్‌ని ఔట్‌పుట్ గొలుసు చివర చేరిస్తే ఆ రూల్ దాకా ప్యాకెట్ రానేరాదు. రూల్ పనిచెయ్యలేదని, దాన్ని గొలుసు మొదట్లో పెడతారు. అప్పుడు పనిచేస్తుంది, లూప్‌బ్యాక్ అనుమతి కంటే కూడా ముందే. సరైన చోటు యూఎఫ్‌డబ్ల్యూ వారి బిఫోర్ డాట్ రూల్స్ ఫైల్లో, లూప్‌బ్యాక్‌ని అనుమతించే వరస కింద. కొత్త తరహా చిరునామాలైన ఐపీవీ6 కోసం బిఫోర్6 అన్న జంట ఫైల్లోనూ రాయాలి. మామూలు ఐపీటేబుల్స్ కమాండ్ ఐపీవీ6ని అసలు ముట్టుకోదు. నెట్ ఆపామనుకున్నా యూట్యూబ్ ఆడుతోందంటే ముందు అటే చూడాలి.

మెషిన్ పేరు గొడవ చిన్నదే. కంప్యూటర్ పేరు మార్చినప్పుడు ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్లో పాత పేరే మిగిలిపోతే, తన పేరు తనకే తెలియక బయట డీఎన్ఎస్‌ని అడిగే పరిస్థితి రావచ్చు. అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో వాడినప్పుడు హోస్ట్‌ని రిజాల్వ్ చెయ్యలేకపోయానన్న గొణుగుడు కనబడితే అది ఇదే. ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే లాగిన్‌లోనే హెచ్చరిక పెట్టె చూపించి, హోస్ట్స్ ఫైల్లో పేరు చేర్చమని తానే చెబుతుంది. 127.0.1.1 ఎదురుగా కొత్త పేరు రాస్తే సరి.

జవాబు చెప్పే అడ్డు

ఇక వైద్యం. డ్రాప్ తీసేసి రిజెక్ట్, అంటే కాదని జవాబు చెప్పే అడ్డు, పెట్టాలి. మూడు వరసలు, ఇదే క్రమంలో. మొదటిది, ఆ యూజర్ లూప్‌బ్యాక్‌కి పంపేవి అనుమతించు. రెండోది, అతని టీసీపీ ప్యాకెట్లని టీసీపీ-రీసెట్‌తో తిరస్కరించు. మూడోది, మిగతావన్నీ మామూలు రిజెక్ట్‌తో తిరస్కరించు. రీసెట్ అందిన ప్రోగ్రామ్‌కి "కనెక్షన్ తిరస్కరించారు" అని వెంటనే తెలుస్తుంది, 127 సెకన్ల నిరీక్షణ మాయమవుతుంది. ఐపీటేబుల్స్ స్థానంలో వచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్ వాడేవాళ్లు మెటా ఎస్‌కేయూఐడీతో ఇదే పని ఐనెట్ టేబుల్‌లో చేస్తే ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఒక్క రూల్‌తో తీరిపోతాయి. బయటి ప్రపంచం నుంచి వచ్చే దాడులకి డ్రాప్ వాడటంలో అర్థముంది. సొంత ఇంట్లో, సొంత మెషిన్‌లో, సొంత పిల్లవాడి ప్రోగ్రాములకి జవాబు చెప్పకుండా దాచడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

రిజెక్ట్ కంటే శుభ్రమైన దారి ఒకటుంది, దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2017లో వచ్చిన కర్నెల్ 4.10 నుంచి, యూజర్ నంబరుని బట్టి రూటింగ్‌నే (ప్యాకెట్ ఏ దారిన పోవాలో ఎంచడాన్నే) మార్చవచ్చు. ఐపీ రూల్ యాడ్ అని మొదలుపెట్టి, ప్రిఫ్ 1000, యూఐడీరేంజ్ 1001-1001, అన్‌రీచబుల్ అని రాస్తే చాలు. ఆ యూజర్‌కి బయటి దారి అసలు లేదని కర్నెలే చెబుతుంది. కేబుల్ పీకినప్పుడు వచ్చే జవాబే, అంతే వేగంగా, ఒక్క ప్యాకెట్ కూడా తయారవకముందే, ఆ ఒక్క మనిషికి మాత్రమే. లూప్‌బ్యాక్ కోసం వేరే రూల్ రాయక్కర్లేదు, ఎందుకంటే మెషిన్ సొంత చిరునామాల పట్టికని కర్నెల్ అన్నిటికంటే ముందు, సున్నా స్థానంలో చూస్తుంది. ఇంట్లోని ప్రింటర్, ఇంకో కంప్యూటర్ అందాలంటే దానికి ముందు 999 స్థానంలో, అదే యూజర్‌ని మెయిన్ పట్టికకి పంపి, సప్రెస్_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0 అని చేర్చాలి. మెయిన్ పట్టికలోని లోకల్ దారులు పనిచేస్తాయి, బయటికి పోయే డిఫాల్ట్ దారి మాత్రం లెక్కలోకి రాదు. ఐపీవీ6కి ఇవే వరసలు మైనస్ 6 ఆప్షన్‌తో మళ్లీ రాయాలి. రీబూట్ చేస్తే ఇవన్నీ పోతాయి, అందుకని బూట్‌లో ఒకసారి నడిచే చిన్న సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టుకోవాలి.

కాలేజీ ల్యాబ్‌లో ఖాతాలు ఎల్‌డ్యాప్ సర్వర్‌లో (అందరి ఖాతాల్నీ ఒకేచోట ఉంచే సర్వర్) ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ సర్వర్‌తో మాట్లాడటానికి ఎస్ఎస్ఎస్‌డీ అనే సర్వీసుని వాడుతుంటే ఆ సంభాషణ సిస్టమ్ సర్వీసు పేరు మీద జరుగుతుంది, యూజర్ రూల్ దానికి తగలదు. పాత తరహా లిబ్‌ఎన్ఎస్ఎస్-ఎల్‌డ్యాప్ అయితే ప్రతి ప్రోగ్రామూ తానే ఎల్‌డ్యాప్ సర్వర్‌కి ఫోన్ కొడుతుంది. యూజర్‌ని అడ్డుకుంటే ఫైళ్ల జాబితాలో యజమాని పేరు చూపించడానికి కూడా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అలాంటి చోట ఎల్‌డ్యాప్ సర్వర్ చిరునామాకి ప్రత్యేకంగా దారి తెరవాలి, వీలైతే ఎస్ఎస్ఎస్‌డీకి మారాలి.

యూజర్ నంబరు మీద పెట్టే ఏ అడ్డయినా ఆ యూజర్ సొంత ప్రాసెస్‌లకే తగులుతుంది. సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టే ప్యాకేజ్‌కిట్, స్నాప్‌డీ లాంటివి రూట్‌గా నడుస్తూ, అతను అడిగితే అతని తరఫున డౌన్‌లోడ్ చేయగలవు. పేర్ల విచారణ రిజాల్వ్‌డ్ ద్వారా బయటికి పోతూనే ఉంటుంది. ఇవి కూడా ఆగాలంటే రౌటర్‌లో మెషిన్ మొత్తానికి అడ్డు పెట్టాలి. ఇళ్లలో ఉండే రౌటర్లలో రిజెక్ట్‌ని ఎంచుకునే వీలు చాలావాటికి ఉండదు, అవి నోరు మెదపకుండా పారేస్తాయి, యూడీపీకి కూడా జవాబు రాదు. కాబట్టి అక్కడ అడ్డు పెట్టినా మెషిన్‌లోని యూఐడీరేంజ్ రూల్‌ని తీసెయ్యకూడదు. అది ఉన్నంతకాలం ఆ యూజర్ టీసీపీ కనెక్షన్ రౌటర్ దాకా పోదు, లాగిన్ సమయం పది సెకన్ల దగ్గరే నిలుస్తుంది.